సొంతిల్లు కట్టేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు: పునాది నుంచి టెర్రస్ దాకా

ఫోన్ ఎత్తగానే "సార్, ఒక్క చిన్న డౌట్" అని మొదలవుతుంది. ఆ డౌట్లేమీ కొత్తవి కావు. స్లాబు వేసే ముందురోజు రాత్రి వచ్చేవి కొన్ని, వేసేశాక వచ్చేవి కొన్ని. వేసేశాక వచ్చేవాటికి చాలాసార్లు మంచి జవాబు ఉండదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

ఇది 100 నుంచి 300 గజాల్లో రెండు మూడు అంతస్తుల ఇల్లు కట్టుకునేవాళ్ళ కోసం. మీరు ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్ళి చదువుకోవచ్చు. కాంక్రీటు కొలతలు ఎక్కువగా ఐఎస్ 456 కోడ్‌లోవి, అంటే కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణాల పుస్తకంలోవి. "గట్టిగా కట్టాలా, పర్యావరణానికి మేలు చేసేలా కట్టాలా?" అని కొందరు అడుగుతుంటారు. నా దృష్టిలో అవి రెండు వేర్వేరు పద్దులు కావు. పదిహేనేళ్ళకే పెచ్చులూడే స్లాబులో పోసిన సిమెంటు, ఇసుక, నీళ్ళు అన్నీ దండగే కదా.

## స్థలం, ప్లాను దశ

నూట యాభై గజాల్లో జీ ప్లస్ వన్ కడుతున్నాం. దీనికి కూడా సాయిల్ టెస్ట్ కావాలా?

కావాలి. పక్కింటివాళ్ళు ఐదడుగులకే పునాది వేశారు కాబట్టి మనకీ అంతే చాలు అనుకోవద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒక ప్లాటులో నాలుగడుగులకే బండ తగులుతుంది, రెండు ప్లాట్ల అవతల చెరువు శిఖం పూడ్చిన మట్టి ఉంటుంది. పూడ్చిన మట్టిలో ఇంటి చెత్త, పాత గోడల ముక్కలు కూడా కలిసి ఉంటాయి. అది ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. ఇల్లంతా ఒకే తీరుగా కొద్దిగా కుంగితే పెద్ద ఇబ్బంది రాదు. ఒక మూల కుంగి ఇంకో మూల నిలిచిపోతేనే గోడలు చీలతాయి. ఈ టెస్టుకయ్యే ఖర్చు మీరు మెయిన్ డోర్‌కు పెట్టబోయే దానికంటే తక్కువే.

మాది నల్లరేగడి నేల. ఎంత లోతు తవ్వితే సరిపోతుంది?

లోతు ఒక్కటే సరిపోదు. నల్లరేగడి వానాకాలంలో నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో అరచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. ఏటా ఇలా పైకి లేచి కిందికి దిగే మట్టి మీద తేలికపాటి ఇల్లు ఉంటే, అది కూడా దాంతోపాటే లేచి దిగుతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు పాత ఇళ్ళలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్ళు చాలావరకు దీని పుణ్యమే.

మూడు దారులున్నాయి. రెండు మూడు మీటర్లలోపే గట్టి మొరం తగిలితే నల్లమట్టి దాటి మొరం మీదే ఫుటింగ్ (పిల్లరు కింద వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మ) వేయడం సులువైన దారి. నల్లమట్టి పొర లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలి. ఇవి అడుగున గంటలాగా వెడల్పయ్యే పైల్స్. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన నల్లరేగడి నేలల కోసమే వీటిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. లోతైన నల్లరేగడిలో పొడవు సాధారణంగా 3.5 మీటర్లకు తగ్గదు. వీటి మీద, గోడల అడుగున వచ్చే ప్లింత్ బీమ్‌ను నేలకు ఆనించకూడదు, కింద కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినా బీమ్‌ను తన్నకుండా ఉండడానికే ఆ ఖాళీ. "ఖాళీ ఎందుకు సార్, మట్టి కొట్టేశా" అన్న మేస్త్రీలను నేను చూశాను. ఇక మూడోది, చిన్న ఇళ్ళకు మట్టి తీసేసి మొరం నింపి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టడం. దీనికి ఇంజనీరు లెక్క తప్పనిసరి.

ఏ దారి పట్టినా గోడ మొదట్లోకి నీళ్ళు దిగనివ్వకూడదు. ఇంటి చుట్టూ మీటరు వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయించండి. కుళాయి పైపు లీకేజీని ఆ రోజే సరిచేయించండి. గోడ పక్కన పెద్ద వేర్ల చెట్టు వద్దు.

"తొమ్మిది పిల్లర్లు చాలు, డ్రాయింగ్ డబ్బులు దండగ" అంటున్నాడు మేస్త్రి. వినాలా?

మంచి మేస్త్రి చేతి పనిని నేను గౌరవిస్తాను. కానీ పిల్లరులో ఎన్ని రాడ్లు, ఏ సైజు అన్నది చేతి పని కాదు, లెక్క. డ్రాయింగ్ లేని ఇళ్ళలో రెండు తప్పులూ కలిసే కనిపిస్తాయి. స్లాబులో అక్కర్లేని స్టీలు కుక్కుతారు, పిల్లరు, బీమ్ కలిసేచోట కావాల్సిన రింగులు వేయరు. ఒక సరైన డ్రాయింగ్ చాలాసార్లు తన ఫీజును మిగిలిన స్టీలులోనే తిరిగి ఇచ్చేస్తుంది.

మన వైపు భూకంపాలు రావు కదా?

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది. హైదరాబాద్, విజయవాడల్లో కూడా జనం బయటికి పరుగెత్తారు. 1969లో భద్రాచలం ప్రాంతంలో వచ్చింది 5.7.

ఎక్కువ భయం కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా ఖాళీగా వదిలే ఇళ్ళ గురించి. పై అంతస్తుల్లో గోడలు ఉంటాయి కాబట్టి అవి బిగువుగా నిలుస్తాయి, ఊపంతా కింది వరస పిల్లర్ల మీదే పడుతుంది. 2001లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు దానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లు కూలాయి. స్టిల్ట్ కావాలంటే కట్టుకోండి, కానీ డిజైన్ చేసే ఇంజనీరుకు ఆ సంగతి ముందే చెప్పండి. పిల్లర్లు కట్టాక చెప్తే ఆయన చేయగలిగింది తక్కువ.

బేస్‌మెంట్ ఎత్తు ఎంత పెట్టాలి?

చుట్టూ ఉన్న నేలకంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర అని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. నేను రోడ్డు నుంచి కొలవమంటాను, మూడడుగులకు తగ్గించొద్దంటాను. ఎందుకంటే పాత రోడ్డు తవ్వకుండా పైనే ఇంకో పొర వేయడం మన ఊళ్ళలో అలవాటు. పదేళ్ళలో మీ గడప రోడ్డుకు సమానమైపోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ లాంటి ప్రాంతాలు రోజుల తరబడి మునిగినప్పుడు మూడడుగులు కూడా ఆదుకోలేదు. అలాంటి లోతట్టు చోట కట్టక తప్పకపోతే కరెంటు మీటరు, ఇన్వర్టర్, స్విచ్ బోర్డులు ఎత్తులో పెట్టించండి. సంపు మూత నేలకు సమానంగా కాకుండా చుట్టూ కట్ట కట్టి పెట్టించండి.

## మెటీరియల్ కొనే దశ

53 గ్రేడ్ సిమెంటే గట్టిదట కదా? పీపీసీ అంటే బూడిద కలిపిన కల్తీ అంటున్నారు.

కల్తీ కాదు. పీపీసీ అంటే పోర్ట్‌ల్యాండ్ పోజోలానా సిమెంటు. అందులో ఫ్యాక్టరీలోనే 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ కలుపుతారు, కోడ్ ఒప్పుకున్న పద్ధతిలోనే. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చాక మిగిలే సన్నటి బూడిద అది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి ప్లాంట్ల దగ్గర దానికి కొదవ లేదు. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో ఈ బూడిద కలిసి నెమ్మదిగా ఇంకొంత జిగురు తయారవుతుంది. కాంక్రీటులోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, నీళ్ళు లోపలికి దిగడం తగ్గుతుంది.

లోటు ఒకటుంది. మొదటి వారం రోజుల్లో బలం మెల్లగా వస్తుంది. కాబట్టి సెంట్రింగ్ (కాంక్రీటు కింద పెట్టే పలకలు, సపోర్టులు) విప్పడానికి తొందర పడకూడదు, క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) ఎగ్గొట్టకూడదు. ఈ రెండూ చేయగలిగితే ఇళ్ళకు పీపీసీయే నా ఓటు. ఉప్పు గాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు స్టీలు ప్లాంటు స్లాగ్ కలిపిన పీఎస్‌సీ ఇంకా మేలు.

పర్యావరణం లెక్క కూడా ఇక్కడే ఉంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది. బట్టీకి వాడిన ఇంధనం పొగ దీనికి అదనం. సిమెంటు కోసం పల్నాడు, సూర్యాపేట వైపు ఫ్యాక్టరీల్లో కాలేది ఈ రాయే. బస్తాలో బూడిద ఎంత ఉంటే రాయి అంత తక్కువ కాలినట్టు.

రోబో సాండ్ వాడితే స్లాబు బలంగా ఉండదా?

ఉంటుంది. రాయిని పిండి చేసి, జల్లించి, కడిగి తయారుచేసిన ఇసుకను ఐఎస్ 383 కోడ్ ఒప్పుకుంటుంది. గొడవంతా క్రషర్ దగ్గర ఊరికే పోగుపడే రాతి పొడిని రోబో సాండ్ పేరుతో అమ్మడం వల్ల వస్తోంది. గుప్పెట్లోకి తీసుకుని వదిలితే అరచేతికి పిండి అంటుకుని మిగిలిపోతే అది పొడే. ప్లాస్టరింగ్‌కు సన్నగా జల్లించిన రకం విడిగా అడగండి.

నది ఇసుక తెప్పించినా పరీక్ష తప్పదు. గాజు గ్లాసులో సగం ఇసుక వేసి, నీళ్ళు పోసి, బాగా ఊపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. పైన పేరుకున్న బురద పొర ఇసుక ఎత్తులో పదో వంతు దాటితే లారీ వెనక్కి పంపడమే. ఇంకోమాట, కొద్దిపాటి తేమ ఉన్న ఇసుక ఉబ్బి, కొలతలో నాలుగో వంతు దాకా ఎక్కువ కనిపిస్తుంది. అప్పుడు లారీ కొలతలో మీరు నష్టపోతారు, తట్టల లెక్కలో కాంక్రీటుకు ఇసుక తగ్గుతుంది.

బోరు నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయి. వాడొచ్చా?

ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే. స్టీలు ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 6కు తగ్గకూడదు. ఉప్పు సిమెంటును వెంటనే ఏమీ చేయదు, లోపలి రాడ్డును తింటుంది. తప్పనిసరైతే కాంక్రీటుకు ట్యాంకర్ తెప్పించి, బోరు నీళ్ళను మొక్కలకో మట్టి దిమ్మిసకో వాడుకోండి.

ఎర్ర ఇటుకా, ఫ్లై యాష్ ఇటుకా, ఏఏసీ బ్లాకులా?

పిల్లర్లు, బీమ్‌లు ఉన్న ఇంట్లో గోడ తన బరువు తాను మోసుకుంటే చాలు. కాబట్టి మూడింటిలో ఏదైనా నిలబడుతుంది. ఎర్ర ఇటుక కోసం పొలాల పైమట్టి పోతుంది, బట్టీకి ఊక, బొగ్గు, కట్టెలు పోతాయి. ఫ్లై యాష్ ఇటుకకు బట్టీ లేదు, కొలత ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ప్లాస్టరింగ్ మందం తగ్గుతుంది. కానీ సరిగ్గా ఆరని, నాలుగు రోజుల కిందట తీసిన ఇటుకలు అంటగడితే గోడ ఆరేకొద్దీ పగుళ్ళొస్తాయి. నడుము ఎత్తు నుంచి నేల మీదికి వదిలి చూడండి, ముక్కలైతే వద్దు.

ఏఏసీ అంటే లోపల సన్నటి గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకు. ఎర్ర ఇటుక బరువులో దాదాపు మూడో వంతే ఉంటుంది. వేడిని కూడా బాగా ఆపుతుంది. పడమటి గోడకు నేను దీన్నే చెబుతాను. అయితే దీని పని తీరు వేరు. ఎర్ర ఇటుకలాగా తొట్టిలో నానబెట్టకూడదు, పైపైన తడి చేస్తే చాలు. బ్లాకు గోడ పిల్లరుకు కలిసేచోట ప్లాస్టరింగ్‌కు ముందు మెష్ (వల) కొట్టాలి. టీవీ, గీజరు, వాష్ బేసిన్ లాంటివి తగిలించే చోట్లు ముందే అనుకోవాలి, మామూలు మేకు ఇందులో నిలవదు.

ఎర్ర ఇటుకే కావాలనుకునేవాళ్ళు ర్యాట్ ట్రాప్ బాండ్ గురించి మేస్త్రిని అడిగి చూడండి. ఇటుకను నిలువుగా పేర్చి మధ్యలో బోలు వదిలే కట్టుబడి అది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీనికి పేరు తెచ్చాడు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, బోలులోని గాలి వేడిని ఆపుతుంది. మన దగ్గర ఇది తెలిసిన మేస్త్రి దొరకడమే కష్టం.

స్టీలు ఏ కంపెనీది కొనాలి?

కంపెనీ కంటే రాడ్డు మీద గ్రేడ్ చూడండి. ఎఫ్ఈ 500డి ఉండాలి. ఆ "డి" సాగే గుణాన్ని చెబుతుంది. తూకం కూడా వేయించండి. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 0.89 కిలోలు, 12 మీటర్ల నిలువు రాడ్డు దాదాపు 10.7 కిలోలు. తూకం ఐదు శాతం కంటే ఎక్కువ తగ్గితే అడగాల్సిందే. పైపైన ఎర్రటి తుప్పుకు కంగారు పడక్కర్లేదు, పొరలుగా ఊడితే మాత్రం వద్దు.

## స్లాబు, పిల్లర్ల దశ

రింగులు, కవర్ బ్లాకులు: స్లాబుకు ముందు నేనే చెక్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, గంట పని. పిల్లరు, బీమ్ రింగుల కొసలు లోపలికి 135 డిగ్రీలు వంగి ఉండాలి. ఊరికే ఎల్ ఆకారంలో వంచి వదిలేస్తే భూకంపం ఊపులో రింగు విచ్చుకుంటుంది. పిల్లరు పైకొస, కింది కొస దగ్గర రింగులు మధ్యలో కంటే దగ్గర దగ్గరగా ఉండాలి.

తర్వాత కవర్. రాడ్డుకూ కాంక్రీటు బయటి అంచుకూ మధ్య స్లాబులో 20, పిల్లరులో 40, ఫుటింగ్‌లో 50 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట స్లాబుకు, పిల్లరుకు కూడా 45, కాంక్రీటు బలం గ్రేడ్ కూడా కనీసం ఎం30. కవర్ కోసం కంకర రాయి ముక్కలు పెడితే ఒప్పుకోకండి, రాడ్లు తొక్కగానే అవి జారిపోతాయి. సిమెంటు కవర్ బ్లాకులు రూపాయల్లో పని. పాతికేళ్ళ ఇళ్ళలో స్లాబు కింద పెచ్చులూడి రాడ్డు బయటపడిందంటే, చాలాసార్లు ఆ బ్లాకులు పెట్టకపోవడమే కారణం.

మిల్లరులో (కాంక్రీటు కలిపే మిషన్‌లో) నీళ్ళు ఎక్కువ పోస్తున్నారు. అడిగితే "జారుడుగా ఉండాలి కదా సార్" అంటున్నారు.

ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. సిమెంటు గట్టిపడడానికి కావాల్సిన నీళ్ళు కొన్నే. మిగతాదంతా ఆవిరై, అది ఉన్నచోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రాల దారినే తేమ, గాలి లోపలికి వెళ్ళి రాడ్డును పట్టుకుంటాయి. 50 కిలోల బస్తాకు దాదాపు 25 లీటర్లు అనుకోండి, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఇసుక తడిగా ఉంటే అందులో ఉన్న నీళ్ళు కూడా ఈ 25లోకే వస్తాయి. పైపు పట్టుకుని కంటి అంచనాతో పోసేవాళ్ళు 35 దాటించడం మామూలే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్లాబు దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం భోజనానికని అరగంట పక్కకెళ్ళాను. తిరిగొచ్చేసరికి కాంక్రీటు పాయసంలా పారుతోంది. 28 రోజుల తర్వాత క్యూబు పరీక్షలో, అంటే అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలను నొక్కి బలం చూసే పరీక్షలో, ఉదయం పోసిన భాగం పాసైంది, మధ్యాహ్నం పోసినది కాలేదు. ఇంటాయనకు ఆ సంగతి నేనే చెప్పాల్సొచ్చింది. ఆ రోజు నుంచి స్లాబు రోజు నా టిఫిన్ బాక్సు సెంట్రింగ్ మీదే.

వాళ్ళ బాధ కూడా నిజమే. ఎండలో గట్టి కాంక్రీటును లాగడం నడుములు విరిగే పని. దానికి మందు నీళ్ళు కాదు. సిమెంటుతోపాటు కొలతగా ప్లాస్టిసైజర్ వేస్తే అదే నీళ్ళకు జారుడు వస్తుంది. వైబ్రేటర్ ముందే తెప్పించి నడుస్తోందో లేదో చూసుకోండి. నీళ్ళకు గుర్తు గీసిన బకెట్ పెట్టి, పైపు తీసేయించండి.

రెడీమిక్స్ మంచిదా, సైట్లో కలిపిందా?

కొలత విషయంలో రెడీమిక్స్ మెరుగు. కానీ బండి బయల్దేరిన టైం చలానాలో చూడండి, లోడ్ చేసిన రెండు గంటల్లో దించేయాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బండి డ్రైవరు గేటు దగ్గర డ్రమ్ములోకి నీళ్ళు కొడతానంటే వద్దని చెప్పండి. 150 మిల్లీమీటర్ల క్యూబులు మీ సైట్లోనే పోయించి, బయటి ల్యాబ్‌కు మీరే పంపించండి. కంపెనీ ఇచ్చే రిపోర్టు కంపెనీదే.

స్లాబు వేస్తుండగా వాన పడితే?

చినుకులైతే టార్పాలిన్ కప్పి పని సాగించండి. గట్టి వానైతే స్లాబు స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) మధ్యలో ఇంజనీరు చూపించినచోట నిలువు అంచుతో ఆపండి. కొట్టుకుపోయిన చోట పొడి సిమెంటు చల్లి నునుపు చేయడం ఒట్టి కంటితుడుపు.

సెంట్రింగ్ ఎన్ని రోజులకు విప్పొచ్చు?

పిల్లరు పక్క పలకలు మర్నాడు తీయొచ్చు. స్లాబు కింద సపోర్టులు 4.5 మీటర్ల లోపు స్పాన్‌కు 7 రోజులు, దాటితే 14. బీమ్‌ల కింద 6 మీటర్ల వరకు 14, దాటితే 21. ఇవి బూడిద కలపని మామూలు సిమెంటుకు, అంటే ఓపీసీకి. పీపీసీ అయితే ఇంకొన్ని రోజులు ఆగండి. సెంట్రింగ్ కాంట్రాక్టరుకు ఇంకో సైట్ ఎదురుచూస్తుంటుంది కాబట్టి, ఎన్ని రోజులు ఉంచాలో రేటు మాట్లాడినప్పుడే రాయించుకోండి.

క్యూరింగ్ వారం చాలదా?

ఓపీసీకి కనీసం 7 రోజులు. పీపీసీకి, ఎండ వేడి ఎక్కువున్నప్పుడు కనీసం 10, వీలైతే 14. మన రోహిణి కార్తెలో 14 కిందే లెక్క. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో తడపడం క్యూరింగ్ కాదు. మధ్యాహ్నానికే ఆరిపోయి మళ్ళీ తడిస్తే కొత్త పగుళ్ళొస్తాయి. స్లాబు మీద మట్టితోనో సిమెంటుతోనో మడులు కట్టి నీళ్ళు నిలపండి. పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడపండి. వాటిపైన ప్లాస్టిక్ కవరు కూడా చుడితే నీళ్ళ వాడకం బాగా తగ్గుతుంది. పిల్లర్ల క్యూరింగ్‌ను అందరూ మర్చిపోతారు, ఇల్లు మోసేది అవే అయినా.

## గోడలు, ఫినిషింగ్ దశ

గోడకు పగుళ్ళొచ్చాయి. టెన్షన్ పడాలా?

ఎక్కడ, ఏ దిక్కున అన్నదాన్ని బట్టి. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులాంటి సన్నటి గీతలు ఆరడం వల్ల వస్తాయి, రంగులకు ముందు సరిచేసుకోవచ్చు. పిల్లరుకూ గోడకూ మధ్య నిలువు గీత కూడా సాధారణమే. పై అంతస్తులో స్లాబు కింద అడ్డంగా వచ్చేది స్లాబు ఎండకు సాగడం వల్ల. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా దిగేదైతే పునాది కదులుతోందేమో చూడాలి.

పిల్లరు మీద గానీ బీమ్ మీద గానీ రాడ్డు వెంట పొడవుగా గీత, దాని పక్కన తుప్పు మరక కనిపిస్తే ఆలస్యం చేయకండి. లోపల రాడ్డు ఉబ్బుతోందని అర్థం. అనుమానం ఉన్న పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. మూడు నెలల తర్వాత పగులు గీత దాటి పాకి ఉంటే ఇంజనీరును పిలవండి.

బాత్రూం నుంచి కింది గదికి తడి దిగుతోంది. ఏ కెమికల్ మంచిది?

టైల్స్ వేసేశాక ఏ డబ్బా కొన్నా అది సగం మందే. లీకేజీ ఎక్కువగా స్లాబు మధ్య నుంచి కాదు, పైపు స్లాబును దాటేచోట, గోడ, నేల కలిసే మూలలో ఉంటుంది. అందుకే టైల్స్‌కు ముందే ఆ రెండు చోట్లా వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్ళు నింపి రెండు రోజులు వదిలేసి కింద నుంచి చూడండి. "ఒక రోజు చాల్లెండి" అన్న ప్లంబరే మళ్ళీ టైల్స్ పగలగొట్టడానికి వస్తాడు. టెర్రస్‌కైతే వంద అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి, నీటి గొట్టం వాలు చివర ఉండాలి.

టైల్స్ కాకుండా తక్కువ ఖర్చులో ఏ ఫ్లోరింగ్ మేలు?

మన రాళ్ళే. తాండూరు, బేతంచెర్ల, కడప రాళ్ళు భూమిలోనే పొరలు పొరలుగా ఉంటాయి, బట్టీలో కాల్చే పని లేదు. ఎండాకాలం కాలికి చల్లగా ఉంటాయి, మరక పడితే మళ్ళీ పాలిష్ పట్టించొచ్చు. నిమ్మరసం, టాయిలెట్ యాసిడ్ పడితే మాత్రం మచ్చ మిగులుతుంది. అమ్మమ్మ ఇంట్లో నల్ల బండ నేల మీద పడుకున్నవాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు.

## వేడి, నీళ్ళు, కరెంటు

పై అంతస్తు పెనంలా కాలిపోతోంది. రెండో ఏసీ పెట్టాలా?

ముందు స్లాబు పైన తెల్లరంగు వేయించండి. ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా మామూలు టెర్రస్ మీద, తర్వాత తెల్లటి టెర్రస్ మీద నిలబడితే తేడా పాదాలకే తెలుస్తుంది. సున్నం చవక, కానీ ఏటా వేయాలి. కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్ళు ఉంటుంది. తెల్ల పింగాణీ టైల్ ముక్కలు పరిస్తే చాలాకాలం చూసుకోనక్కర్లేదు, వాటర్‌ప్రూఫింగ్‌కూ పనికొస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అందులో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు ఇది తప్పనిసరి, చిన్న ఇళ్ళకు ఇష్టాన్ని బట్టి.

తర్వాత పడమటి గోడ. వాస్తు ప్రకారం మాస్టర్ బెడ్‌రూం నైరుతిలో పెడతాం, సాయంత్రపు ఎండ దంచేది కూడా అక్కడే. వాస్తును మార్చమని నేను చెప్పను, చెప్పినా వినరు. ఆ గోడను ఏఏసీతో కట్టించి, పడమటి కిటికీని చిన్నది చేసి, సజ్జను ముందుకు పెంచి, బయట వేపనో కానుగనో కొంచెం దూరంగా నాటండి. గదికి రెండు వైపులా కిటికీలు ఉంటే రాత్రి గాలి లోపలి వేడిని లాక్కుపోతుంది.

ఇంకుడు గుంత నిజంగా పనిచేస్తుందా, పర్మిషన్ కోసమేనా?

లెక్క మీరే వేయండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 150 గజాల టెర్రస్ అంటే 125 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఐదో వంతు పోయిందనుకున్నా 80 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు.

పర్మిషన్ కోసం తవ్విన గుంత రెండేళ్ళలో బురదతో మూసుకుపోతుంది. పైన ఇసుక పొరను ఏటా మే నెలలో తీసి కడిగి వేస్తేనే నీళ్ళు దిగుతాయి. నా సలహా ఏంటంటే, తొలకరి మురికి నీళ్ళు బయటికి వదిలేశాక మొదట సంపు నింపుకోండి, పొంగినదాన్ని గుంతకు పంపండి. గుంత పునాదికి దూరంగా ఉండాలి, నల్లరేగడిలో అయితే మరీ. వడకట్టకుండా నేరుగా బోరులోకి వాన నీళ్ళు వదలొద్దు, భూగర్భ జలం పాడవుతుంది.

సోలార్ తర్వాత పెట్టుకుంటాం. ఇప్పుడే ఏమైనా చేయాలా?

టెర్రస్ నుంచి మీటరు దాకా ఒక ఖాళీ పైపు గోడలో వేయించండి. వాటర్ ట్యాంకు, మెట్ల గది నీడ పడని చోట దాదాపు 300 చదరపు అడుగులు వదిలితే 3 కిలోవాట్లు పడతాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా రాయితీ ఉంది.

గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ తీసుకోమంటారా?

అమ్మకానికి కట్టేవాళ్ళకు పనికొస్తుంది. హైదరాబాద్ కొండాపూర్‌లోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. దేశంలో ఈ కట్టుబడికి దారి చూపిన భవనం అది. వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి. సొంతానికి కట్టుకునేవాళ్ళు మాత్రం సర్టిఫికెట్ డబ్బుతో టెర్రస్‌కు తెల్లరంగు, పడమటి వైపు సజ్జలు చేయించుకుంటే చాలు.

## పాత ఇల్లు

నాన్నగారు కట్టిన ముప్పై ఏళ్ళ ఇల్లు. స్లాబు పెచ్చులూడుతోంది. కూల్చేసి కొత్తది కట్టాలా?

వెంటనే కూల్చకండి. పెచ్చులు ఊడినంత మాత్రాన ఇల్లు అయిపోయినట్టు కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించండి. సుత్తితో కొడితే ఎక్కడ బోలుగా మోగుతోంది, రాడ్డు ఎంత మిగిలింది, పునాది కదిలిందా అన్నవి తేలాలి. పిల్లర్లు బాగుండి స్లాబులో అక్కడక్కడే దెబ్బతింటే తుప్పు తీసి, రాడ్డు కలిపి, రిపేర్ మోర్టార్ కొట్టించొచ్చు. దానికంటే ముందు పైనుంచి దిగే నీళ్ళను ఆపాలి. అది చేయకుండా కింద పూసిందంతా మూడేళ్ళకు మళ్ళీ ఊడుతుంది. ఉన్న ఇంటిని నిలబెట్టుకుంటే అందులో ఇప్పటికే కాలిన ఇటుక, సిమెంటు మళ్ళీ కాల్చక్కర్లేదు. పైన ఇంకో అంతస్తు వేయాలనే ఆలోచన ఉంటే మాత్రం పాత పునాది ఒప్పుకుంటుందో లేదో లెక్క తేలేదాకా ఆగండి.

గానుగ సున్నంతో కట్టిన ఇంకా పాత ఇల్లైతే సిమెంటుతో ప్లాస్టరింగ్ చేయించొద్దు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది. పైన సిమెంటు పొర పడితే ఆ తేమ లోపలే ఉండిపోయి గోడ గుల్లబారుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతకండి, పాతబస్తీలో, పాత జమీందారీ ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

కూల్చక తప్పదని తేలితే, జేసీబీ రాకముందే టేకు తలుపులు, దూలాలు, కడప బండలు, ఇనుప కిటికీ చట్రాలు విడిగా తీయించండి. టేకు దూలాలతో కొత్త ఇంటి తలుపులు చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు. బాగున్న ఇటుకలు కాంపౌండ్ వాల్‌కు పనికొస్తాయి. మిగిలిన శిథిలాల కోసం హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ప్లాంట్లున్నాయి, అక్కడ వాటిని పిండి చేసి ఇసుకగా, కంకరగా, పేవర్ బ్లాకులుగా మారుస్తారు. ట్రాక్టర్ అతను "నేను చూసుకుంటా సార్" అంటే, ఎక్కడ పోస్తాడో అడగండి. చాలాసార్లు ఆ జవాబు మీ ఇంటికి దగ్గర్లోని నాలా.